కంచంలో అన్నం – మనసులో భయం

“తిన్నావా?”

మా పరిటాలలో మనిషికి మనిషి ఎదురైతే ముందు వచ్చే మాట ఇదే. పొలం నుంచి వచ్చేవాణ్ణి అడుగుతారు, బస్సు దిగినవాణ్ణి అడుగుతారు, ఆస్పత్రిలో పడుకున్నవాణ్ణీ అడుగుతారు. ఆ వెంటనే రెండో మాట, “ఏంటి, అట్లా చిక్కిపోయావ్?” అని. లేకపోతే, “బాగా ఒళ్ళు చేశావే!” అని. అన్నీ ఆప్యాయతతో అనే మాటలే. అయితే ఈ మాటలకు జవాబు చెప్పలేక లోలోపల కుమిలిపోయే మనుషులు మన మధ్యనే ఉన్నారు. అది పొగరు కాదు, నాజూకుతనం కాదు, ఒక జబ్బు. ఆ సంగతి తోటి విద్యార్థులకు తెలియజేయడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

కూడు, గూడు, గుడ్డ అన్నారు పెద్దలు. అందులో కూడే మొదటిది. మా తాతల కాలంలో తిండి సమస్య అంటే తిండి లేకపోవడమే. మాది పాత కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. జొన్నన్నం, మజ్జిగ, పచ్చిమిరపకాయ – ఇదీ రోజువారీ భోజనం. వరి అన్నం పండగకో, చుట్టం వచ్చినప్పుడో. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మా నందిగామ, జగ్గయ్యపేట వైపు వచ్చాక పొలాల తీరూ మారింది, కంచాల తీరూ మారింది. మన శాస్త్రం కూడా చాలాకాలం లేమి వైపే చూసింది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర చూసినా మొదట కనిపించేది బెరిబెరి, పెల్లాగ్రా వంటి లోపపు జబ్బులే.

నేను చెప్పబోయేది తిండి లేనివారి సంగతి కాదు. కంచంలో అన్నం ఉండి, దాన్ని చూసి భయపడేవారి సంగతి. ఇది వినగానే “కడుపు నిండిన బేరం” అని కొట్టిపారేస్తాం. నేనూ రెండేళ్ళ క్రితం దాకా అట్లాగే అనుకున్నాను.

మా ఇంట్లో జరిగినది

హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. చదువుకున్న పిల్లలందరూ ఆ రోడ్డెక్కే అటో ఇటో పోతారు. మా పెద్దనాన్నగారి అమ్మాయి కూడా అట్లాగే హైదరాబాదు వెళ్ళింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లేడీస్ హాస్టల్లో మకాం. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు అందరితో కూర్చుని తినేది కాదు. “ఇవాళ శనివారం”, “ఇవాళ ఏకాదశి”, “కడుపు ఉబ్బరంగా ఉంది” – ఏదో ఒక వంక. అర్ధరాత్రి మాత్రం వంటింట్లో అరిసెల డబ్బా మూత చప్పుడు. కాసేపటికి దొడ్లో కుళాయి దగ్గర వాంతి చేసుకుంటున్న చప్పుడు.

పెళ్ళికాని పిల్ల వాంతులు చేసుకుంటోందంటే పల్లెటూళ్ళో ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. మా పెద్దమ్మ తలుపులు వేసి, “నా మీద ఒట్టు, నిజం చెప్పు తల్లీ” అని ఏడ్చింది. అక్క ముందు నవ్వింది, తర్వాత తనూ ఏడ్చింది, నిజం మాత్రం చెప్పలేదు. ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీశారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్రలు ఇచ్చాడు. చివరికి జబ్బును పట్టుకున్నది పళ్ళ డాక్టరమ్మ! పళ్ళు జివ్వుమంటున్నాయని విజయవాడ తీసుకెళితే, ఆవిడ నోరు పరీక్ష చేసి, “వాంతులు వాటంతట అవే అవుతాయా, నువ్వే చేసుకుంటావా అమ్మా?” అని మెల్లగా అడిగింది. పై వరుస ముందు పళ్ళకు లోపలి వైపు ఎనామిల్ కరిగిపోయి ఉందట. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాటిమాటికీ నోట్లోకి వస్తే జరిగే పని అది. ఆ ఒక్క ప్రశ్నతో ఏడేళ్ళ రహస్యం బయటపడింది.

ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది చివర చెబుతాను. ముందు విషయం చూద్దాం.

ఏమిటీ జబ్బులు?

వైద్యులు వీటిని ఈటింగ్ డిజార్డర్స్ అంటారు. మనం ఆహార రుగ్మతలు అనుకోవచ్చు. ముఖ్యమైనవి మూడు.

మొదటిది అనొరెక్సియా నెర్వోజా. మాటకు అర్థం ‘నరాల కారణంగా ఆకలి పోవడం’. నిజానికి ఆకలి పోదు, రోగి దాన్ని అణిచిపెడతారు. బరువు ప్రమాదకరంగా తగ్గిపోయినా అద్దంలో తాము లావుగానే కనిపిస్తారు. ఎముకలు బయటపడినా, ఇంకొక కిలో తగ్గాలనిపిస్తుంది.

రెండవది బులీమియా నెర్వోజా. ఈ మాట గ్రీకు భాషలోది. అర్థం ‘ఎద్దు ఆకలి’. కొద్దిసేపట్లో, ఆపుకోలేకుండా, విపరీతంగా తినడం. తిన్నది వంటబట్టకుండా వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం, మర్నాడంతా పస్తుండటం, లేదా ఒళ్ళు హూనమయ్యేట్లు వ్యాయామం చేయడం. వీరి బరువు చాలావరకు మామూలుగానే ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

మూడవది బింజ్ ఈటింగ్. ఆకలి లేకపోయినా, ఒంటరిగా, చాటుగా, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం. వాంతులూ అవీ ఉండవు. మూడింటిలో ఎక్కువమందిలో కనిపించేది ఇదే. అయినా తిండిపోతుతనం అని నవ్వేస్తాం.

“తింటే ఆయాసం, తినకపోతే నీరసం” అని మనం సరదాగా అనుకునే మాట వీరికి రోజువారీ బతుకు.

కొత్త జబ్బు కాదు

ఇది సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిందనుకుంటే పొరపాటు. 1689లోనే రిచర్డ్ మోర్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు, క్షయ లేకుండానే చిక్కి శల్యమైన యువతి గురించి రాశాడు. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసేగ్ ఎవరికి వారే ఈ జబ్బును వర్ణించారు. అనొరెక్సియా నెర్వోజా అన్న పేరు గల్ పెట్టినదే. ఆపుకోలేని తిండి గురించి 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ రాశాడు. బులీమియాకు 1979లో జెరాల్డ్ రసెల్ పేరు పెట్టాడు. బింజ్ ఈటింగ్‌ను అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రత్యేక జబ్బుగా గుర్తించింది 2013లో.

మనసు ముందా, తిండి ముందా?

మనసు చెడితే తిండి చెడుతుందని అందరికీ తెలుసు. తిండి చెడితే మనసు ఎట్లా చెడుతుందో చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం చివరిలో, 1944 – 45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎంచుకున్నాడు. వారు యుద్ధంలో పాల్గొనబోమని, దానికి బదులు ఈ ప్రయోగానికి స్వచ్ఛందంగా వచ్చినవారు. 24 వారాలపాటు వారికి రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి మాత్రమే పెట్టి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. బరువులో నాలుగో వంతు తగ్గింది.

అసలు విశేషం మనసులో వచ్చిన మార్పు. చురుకైన కుర్రాళ్ళు ముభావంగా అయిపోయారు. చిరాకు, దిగులు, ఒంటరితనం. స్నేహితుల మీద, ఆడపిల్లల మీద, చదువు మీద ఆసక్తి పోయింది. ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేశారు, కంచాలు నాకారు, ఒక్కో ముద్దను గంటలకొద్దీ తిన్నారు. ఒకతను గొడ్డలితో తన మూడు వేళ్ళు నరుక్కున్నాడు. మళ్ళీ తిండి పెట్టడం మొదలుపెట్టాక కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. వీరెవరికీ అంతకు ముందు మానసిక జబ్బు లేదు. అంటే పస్తు తానే మనసును ఈ స్థితికి తేగలదన్నమాట!

ఇప్పుడు ఫోన్లలో ఒకరికొకరు పంపుకునే డైట్ చార్టులు చూడండి. వాటిలో 1,200 కేలరీలవి ఎన్నో ఉంటాయి. వయస్సు, ఎత్తు, పని, రక్తహీనత ఏమీ చూడకుండా అందరూ అదే పాటిస్తారు. డైటింగ్ చేసిన ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. కవలల మీద జరిగిన పరిశీలనల వల్ల దీనిలో దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిదని తెలుస్తోంది. ఎండిన గడ్డి ఉన్నచోటే నిప్పురవ్వ అంటుకుంటుంది. ఎవరి లోపల గడ్డి ఎంత ఎండి ఉందో పైకి కనబడదు.

శరీరంలో జరిగేది

తిండి ఆగిపోతే కాలేయంలో నిలవ ఉన్న గ్లైకోజెన్ సుమారు ఒక రోజులో ఖర్చయిపోతుంది. తర్వాత కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి. దాంతోపాటు కండరాల ప్రోటీను కూడా కరుగుతుంది. గుండె కూడా కండరమే కదా! నాడి నిదానిస్తుంది, రక్తపోటు, ఒంటి వేడి తగ్గుతాయి. ఆడవారిలో నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. వాంతులు చేసుకునేవారి రక్తంలో పొటాషియం తగ్గుతుంది. దానివల్ల గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చు. మానసిక జబ్బులన్నింటిలో మరణాలు ఎక్కువగా ఉండేవాటిలో అనొరెక్సియా ఒకటి. ఆ చనిపోయినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్య.

ఇక్కడ మన ఇళ్ళలో అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా నెయ్యీ అన్నమూ కలిపి పెట్టేస్తే బాగవుతారనుకుంటాం. అది ప్రమాదం. చాలా రోజుల పస్తు తర్వాత ఎక్కువ పిండిపదార్థం లోపలికి వెళితే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటును కణాల్లోకి లాగేస్తుంది. గుండె, ఊపిరి దెబ్బతింటాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి చెరలోంచి విడుదలైన బక్కచిక్కిన ఖైదీలు కొందరు కడుపునిండా తిని ప్రాణం పోగొట్టుకున్నది ఇందువల్లనే. అందుచేత తిండి పెంచడం డాక్టరు పర్యవేక్షణలో, మెల్లమెల్లగా జరగాలి.

మన దేశంలో ఉందా?

ఇది తెల్లవారి జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. ఫిజీ దీవుల ఉదాహరణ చూడండి. అక్కడ కూడా ఒకప్పుడు ‘ఒళ్ళు చేశావు’ అంటే మెచ్చుకోలే. 1995లో అక్కడి ఒక ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. ఆ ఏడాది ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు బడి పిల్లలను ప్రశ్నిస్తే, బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని ఒక్క ఆడపిల్ల కూడా చెప్పలేదు. మూడేళ్ళ తర్వాత, 1998లో అడిగితే, 11.3 శాతం మంది చెప్పారు!

మన దేశంలో 1990లలోనే చెన్నై మానసిక వైద్యులు విద్యార్థుల్లో తిండి గురించిన వ్యాకులతను గమనించి రాశారు. 2012లో ప్రచురితమైన ఒక సర్వేలో బెంగళూరు మానసిక వైద్యుల్లో మూడింట రెండు వంతుల మంది తాము ఇలాంటి రోగులను చూశామని చెప్పారు. అయితే మనవాళ్ళలో ఈ జబ్బు వేషం మార్చుకుని వస్తుంది. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు గమనించినదేమిటంటే, అక్కడి రోగుల్లో చాలామంది ‘లావవుతానని భయం’ అనరు, ‘కడుపు ఉబ్బరం’, ‘ఆకలి లేదు’ అంటారు. ఈ మాటలు మనకు బాగా తెలిసినవే కదా! ‘గ్యాస్ ట్రబుల్’, ‘అన్నం సయించడం లేదు’, ‘ఇవాళ ఒక్కపొద్దు’ – వీటి వెనుక ఏముందో అడిగేవారు తక్కువ.

ఉపవాసం తప్పని నేను అనడం లేదు. కార్తీక సోమవారం ఒక్కపొద్దు ఉన్నవారు నక్షత్రం చూసి సంతోషంగా భోంచేస్తారు. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం విడిచారు. అది ఒక ఆశయం కోసం, లోకానికి చెప్పి చేసిన దీక్ష. జబ్బుతో పస్తుండేవారికి దీక్ష విరమించే రోజంటూ ఉండదు, లోకానికి చెప్పుకునే ధైర్యమూ ఉండదు. తేడా అక్కడ ఉంది.

పట్నవాసం

పల్లెలో మనిషి తిన్నదీ తిననిదీ పదిమందికీ తెలుస్తుంది. ఒక్కోసారి అది విసుగే! పట్నంలో గది తలుపు వేసుకుంటే అడిగేవారు లేరు. రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన నిద్ర, అర్ధరాత్రి కూడా గుమ్మం దాకా వచ్చే బిర్యానీ పొట్లం ఒక వైపు. ఫోను తెరిస్తే సన్నని నడుములు, కండల వీరులు ఇంకొక వైపు. పెళ్ళి ప్రకటనల్లో ‘స్లిమ్’ అన్న మాట మామూలైపోయింది. మగపిల్లలకు ఇది లేదనుకోవద్దు. ఎంత కండ పెంచినా బక్కగానే ఉన్నామనుకుని, జిమ్ము, పొడుల డబ్బాలే లోకంగా బతికేవారి స్థితిని 1997లోనే వైద్యులు గుర్తించారు.

తెలుగువారికి బరువు ఎంత పెద్ద విషయమో ఈ మధ్యకాలం చూస్తే తెలుస్తుంది. 2015లో అనుష్క కథానాయికగా ‘సైజ్ జీరో’ అనే సినిమా వచ్చింది. లావు పిల్ల, పెళ్ళిచూపులు, సన్నబరుస్తామని మోసం చేసే క్లినిక్కు – ఇదీ కథ. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి ఊరూరా పాకింది. సభలకు జనం విరగబడ్డారు. దాని మంచిచెడ్డలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఒంటి బరువు గురించి మనసులో ఎంత బెంగ లేకపోతే అంతమంది వస్తారు, అన్నదే నా ప్రశ్న.

బెంగకు కారణం లేకపోలేదు. 2019 – 21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 – 49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, 18.7 శాతం మంది ఉండవలసినదానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. 57 శాతం మందికి రక్తహీనత. మధుమేహం ఉన్నవారికి బరువు తగ్గమని డాక్టరు చెబితే వినాల్సిందే. కానీ ఆరోగ్యం కోసం తగ్గడం వేరు, నలుగురి నోటికి భయపడి తగ్గడం వేరు.

గుర్తించడం ఎలా? చేయవలసినదేమిటి?

1999లో ఇంగ్లండు వైద్యులు ఐదు సులువైన ప్రశ్నలు తయారుచేశారు. కడుపు నిండిపోయిందన్న ఇబ్బందితో కావాలని వాంతి చేసుకుంటున్నావా? ఎంత తింటున్నావో నీ అదుపులో లేదని దిగులుపడుతున్నావా? మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా? అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నాననుకుంటున్నావా? నీ బతుకును తిండే ఏలుతోందనిపిస్తోందా? రెండింటికి ‘అవును’ అని జవాబు వస్తే డాక్టరును కలవడం మంచిది. ఇది పరీక్ష కాదు, హెచ్చరిక మాత్రమే.

దీనికి చికిత్స ఉంది. తిండిని వేళకు తేవడం, తిండి గురించిన ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స, అవసరమైతే మందులు. చిన్నవయసు వారికి ఇంట్లోవాళ్ళే దగ్గర కూర్చుని తినిపించే పద్ధతి లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో 1980లలో రూపుదిద్దుకుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి మొహమాటపడేవారు ముందు ఫోనులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ముగింపు

నా తప్పు చెబుతానన్నాను. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అక్క ఇంటర్ చదివేది. కొంచెం బొద్దుగా ఉండేది. ఇంటికి చుట్టాలు వస్తే, “బస్తా వచ్చింది, బస్తా వచ్చింది” అని నేను అరిచేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నవ్వారు కదా అని మళ్ళీ అరిచేవాణ్ణి. ఇదంతా ఎప్పుడు మొదలైందని డాక్టరుగారు అడిగినప్పుడు అక్క చెప్పిన సంగతుల్లో అది కూడా ఒకటి. ఒక్క మాటతో జబ్బు రాదని శాస్త్రం చదివాక నాకు తెలిసింది. అయినా వెళ్ళి తప్పయిందన్నాను. “నువ్వొక్కడివే అనలేదు లేరా” అంది. ఆ మాట నాకు ఊరట కాలేదు. అన్నవాళ్ళందరూ మావాళ్ళే మరి.

అక్కకు ఇప్పుడు చాలావరకు నయం. పూర్తిగా తగ్గిందని చెప్పలేను. మధ్యలో రెండు మూడు సార్లు తిరగబెట్టింది. సంక్రాంతికి మాత్రం మా అందరితోపాటు కింద కూర్చుని అరిసె తిన్నది. ఎవరూ ఆమె కంచంలోకి చూడలేదు. అట్లా చూడకుండా ఉండటం మా ఇంట్లో అందరమూ కష్టపడి నేర్చుకున్న పని.

మిత్రులారా, ఈ కళాశాల నుంచి రేపు మనలో చాలామందిమి హైదరాబాదుకో, బెంగళూరుకో, ఇంకా దూరానికో వెళతాం. ఒంటరి గదుల్లో ఉంటాం. హాస్టల్ మెస్సులో రోజూ ఖాళీగా కనిపించే కుర్చీ ఎవరిదో ఒకసారి చూడండి. తోటివారి ఒంటి గురించి, లావని గానీ బక్క అని గానీ, నవ్వుతాలుకైనా మాట అనవద్దు. మన విద్యార్థి సంఘం ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆ 14416 నంబరు రాయించాలని నా మనవి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఒక సుద్దముక్క చాలు.

“తిన్నావా?” అని అడగడం మానవద్దు. అది మంచి మాట. అడిగి ఊరుకోకుండా, “రా, కలిసి తిందాం” అని పక్కన కూర్చోండి. జవాబు చెప్పలేనివారికి ఆ పక్కన కూర్చున్న మనిషే కొండంత అండ.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, పరిటాల